ఏమీ లేని గది

ఆ అమ్మాయిని ఇంట్లో మైకు అనేవాళ్ళు. మాట్లాడితే పక్కన కూర్చున్న మనిషికి కూడా వినపడదు కాబట్టి మేనమామ సరదాగా పెట్టిన పేరది. పొట్టివాణ్ణి పట్టుకుని నిచ్చెన అన్నట్టు. కొద్దిరోజులకే ఆ పేరు వీధంతా పాకి బడి దాకా వెళ్ళింది. పంతులమ్మ హాజరు పిలిచేటప్పుడు ఈమె "వచ్చానండీ" అనేది. పంతులమ్మ తల ఎత్తకుండానే పక్కపిల్లని అడిగేది, "మైకు వచ్చిందా లేదా?" అని.

అలాంటి పిల్ల చదువైపోయాక ఒకరోజు, తనూ మామయ్యలాగా పాత మేడలో గైడు అవుతానంది. కుట్టుమిషను తొక్కుతున్న అమ్మ కాళ్ళు టక్కున ఆగిపోయాయి.

"నువ్వా? పదిమందిని తిప్పుతూ సంగతులు చెబుతావా? ఎవరికే, గోడలకా?"

"నేర్చుకుంటానమ్మా."

"ఏంటీ?"

"నేర్చుకుంటానంటున్నా."

"అదిగో, రెండుసార్లు చెబితేగాని నాకే వినపడలేదు. టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్ళు ఊరుకుంటారా?"

అప్పటికే అమ్మ మనసులో ఇంకో మాట ఉంది. ఒక పగలంతా రైల్లో వెళితే వచ్చే ఊళ్ళో పెద్దమ్మకి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. నమ్మకమైన మనిషి కావాలని ఆవిడ కబురు మీద కబురు పెడుతోంది. అద్దాలు తుడవాలి, పెట్టెల్లో సర్దాలి, వచ్చినవాళ్ళ ముక్కుకి ఏది నప్పుతుందో చూడాలి. నోటితో పెద్దగా పని లేదు. చివరికి తల్లీకూతుళ్ళు ఒక ఒప్పందానికి వచ్చారు. ఈ చలికాలం అయ్యేలోగా మేడలో పరీక్ష నెగ్గి, గైడులు జేబు మీద పెట్టుకునే ఇత్తడి బిళ్ళ తెచ్చుకుంటే సరే. లేకపోతే మారుమాట్లాడకుండా పెద్దమ్మ దగ్గరికి రైలెక్కాలి.

ఆ మేడ రేవుకి ఎదురుగా ఉండేది. ఏనాడో ఒక ఓడల యజమాని కట్టించుకున్నాడు. ఆయన పోయాడు, ఆయన తర్వాతవాళ్ళూ పోయారు, ఇప్పుడది టికెట్టు కొని చూసే ఇల్లు. ఊరంతా దాన్ని ఓడలాయన మేడ అంటుంది. చలికాలం పొద్దున్నే సముద్రం మీది పొగమంచు కిటికీ సందుల్లోంచి లోపలికొచ్చి, మెట్ల మీద కాసేపు కూర్చుని, ఎండ రాగానే ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయేది. నిలువుటద్దాలు మసకేసేవి. అప్పుడు వాటి ముందు నుంచి నడిస్తే మొహం కనపడదు, ఎవరో ఉన్నారని మాత్రం తెలుస్తుంది. ఆ మసకలో తిరుగుతుంటే, తను ఇంకా పుట్టలేదేమో అనీ, ఎప్పుడో పుట్టి వెళ్ళిపోయిందేమో అనీ అమ్మాయికి అనిపించేది. రెండిట్లో ఏదైనా భయం వేసేది కాదు.

చరిత్రంటే ఆమెకి పిచ్చి. రాజుల పేర్లూ యుద్ధాల తేదీలూ ఎప్పుడూ గుర్తుండేవి కావు. అరిగిపోయినవి చూస్తే మాత్రం కాళ్ళు కదిలేవి కావు. మేడ మెట్లు మధ్యలో పల్లంగా ఉంటాయి. మెట్ల పక్క పట్టుకునే కర్ర దిగేవైపు నున్నగా మెరుస్తుంది, ఎక్కేవైపు గరుగ్గా ఉంటుంది. దిగేటప్పుడే అందరూ పట్టుకుంటారు కాబట్టి. భోజనాల గదిలో ఒక్క కుర్చీకి మాత్రం ఎడమచేతి మీద రంగు పోయింది. అక్కడ ఎవరో రోజూ మోచెయ్యి ఆనించి, తినకుండా ఏదో ఆలోచిస్తూ కూర్చునేవారు. మనుషులు వెళ్ళిపోయారు, వాళ్ళ రాపిడి మిగిలింది. ఆ పల్లాల్లో వేలు పెడితే అవతల ఇంకో వేలు తగులుతుందేమో అన్నట్టుండేది. ఇలాంటి సంగతులు చెబుతూ బతికే ఉద్యోగం ఒకటి ఉందంటే, అది తనకోసమే కదా అనుకుంది. చెప్పాలంటే గొంతు కావాలన్న సంగతి ఒక్కటే ఇబ్బంది.

గొంతు కావాలంటే మామయ్యది. అమ్మకి తమ్ముడు. పెళ్ళీ గిళ్ళీ లేకుండా వాళ్ళ ఇంట్లోనే పైగదిలో ఉండేవాడు. హాల్లో ఆయన "రండి రండి" అంటే గేటు దగ్గర టికెట్లు ఇచ్చే మనిషికి మెలకువ వచ్చేది. మేనకోడలికి పని నేర్పే బాధ్యత ఆయనే నెత్తిన వేసుకున్నాడు.

"ఇదిగో మైకూ, ఈ పనికి రెండే సూత్రాలు. ఒకటి, వచ్చినవాళ్ళకి వీపు చూపించకూడదు. వాళ్ళని చూస్తూ వెనక్కి నడవాలి. వీపు చూపించావా, మనిషి చెయ్యి జారిపోయినట్టే. గోడమీద బల్లిని చూసుకుంటూ ఉంటాడు."

"రెండోది?"

"ఏమడిగినా తెలియదు అనకూడదు."

"తెలియకపోతే?"

"తెలియకపోవడం ఏంటే? నోరు తెరువు, అదే వస్తుంది."

అప్పట్నుంచి ఇంట్లో వెనక్కి నడవడం మొదలైంది. వంటగది నుంచి వసారా దాకా, వసారా నుంచి పైగది మెట్ల దాకా. మొదటి రోజే నీళ్ళ బకెట్లో కూర్చుంది. అమ్మ నవ్వాపుకోలేక కత్తెర కింద పెట్టేసింది. "ఒరేయ్ తమ్ముడూ, దానికి ఉద్యోగం వచ్చేలోగా నా గిన్నెలన్నీ సొట్టలు పోతాయిరా!"

కానీ కొన్నాళ్ళకి మడమలకి కళ్ళొచ్చాయి. మేడలో ఎక్కడుందో చూడకుండానే తెలిసేది. చల్లటి రాయి తగిలితే హాలు. రాయి అయిపోయి చెక్క మొదలైతే భోజనాల గది. మెత్తటి తివాచీ వస్తే ఓడల బొమ్మలున్న వసారా. ఆ వసారాలో పక్కపక్కనే రెండు గుమ్మాలు. మొదటిది ఖాళీ గది. అందులో కుర్చీ లేదు, బొమ్మ లేదు, తెర లేదు. చూపించడానికేమీ లేదు కాబట్టి, రెండు ఇత్తడి స్తంభాలు నిలబెట్టి, ఎర్రతాడు అడ్డం కట్టేశారు. పనివాళ్ళంతా దాన్ని ఏమీ లేని గది అనేవాళ్ళు. రెండోది సముద్రం గది. వెనక్కి నడుస్తూ వస్తుంటే, మోచేతికి చల్లగా ఇత్తడి తగిలితే అది ఏమీ లేని గది, దాటి వెళ్ళిపోవాలి. ఇత్తడి తగలకుండా ఒట్టిగాలి తగిలితే అది సముద్రం గది, తిరగాలి. అంతే లెక్క.

సముద్రం గదిలోనే ఉంది అసలు చిక్కు.

ఆ గది కిటికీ దగ్గర మామయ్య ఒక కథ చెబుతాడు. ఓడలాయన కొత్తగా పెళ్ళయిన భార్యని వదిలి ఓడెక్కి వెళ్ళాడు. ఆవిడ రోజూ సాయంత్రం ఈ కిటికీలో దీపం పెట్టి, ఒళ్ళో తెల్లపిల్లిని పెట్టుకుని, జుట్టు నెరిసేదాకా ఎదురుచూసింది. మామయ్య గొంతు ఆ చివరి మాట దగ్గర సన్నగా వణుకుతుంది. విన్నవాళ్ళు ముక్కులు తుడుచుకుంటారు. బయటికి వెళుతూ దీపం, పిల్లి బొమ్మ ఉన్న కార్డు కొనుక్కుంటారు.

ఆ కథ వయసు అమ్మాయి కన్నా చిన్నది. అది పుట్టినప్పుడు ఆమె అక్కడే ఉంది, భోజనాల బల్ల కింద.

ఆ ఏడాది వానలు విడవలేదు. మేడ చూడ్డానికి ఒక్కరూ రావడం లేదు. ఇలాగైతే తలుపులు మూసేస్తారట అని చెబుతూ మామయ్య కంచంలో వేలితో గీతలు గీస్తున్నాడు.

"ఆ సముద్రం గది కిటికీ దగ్గర ఎవరైనా నిలబడి ఉంటే బాగుండేది అక్కా."

"ఎవరు నిలబడతారు, పనీపాటా లేకనా?" అంది అమ్మ.

"భర్త ఓడెక్కి వెళ్ళిపోయాడనుకో. ఆవిడ ఎదురుచూస్తోంది."

"చీకట్లో నిలబడితే వచ్చేవాడికేం కనిపిస్తుందిరా? దీపం పెట్టు."

"పెట్టాను."

అప్పుడు బల్ల కిందినుంచి చిన్న గొంతు వినపడింది. ఆరోజు మాత్రం అందరికీ వినపడింది. "ఒక్కతే ఉంటే భయం వెయ్యదా? పిల్లిని పెట్టు మామయ్యా. తెల్లది."

అలా పుట్టింది ఆ కథ. ఇంట్లో అదేమీ రహస్యం కాదు. కరెంటు పోయినప్పుడల్లా, "నీ ఓడలావిడని అడుగు, దీపం ఇస్తుంది" అని అమ్మ ఆటపట్టించేది. కానీ పెద్దయ్యాక అమ్మాయి ఊరి చివర ఓడలాయన సమాధి చూసింది. "ఈయన సముద్రాన్ని తప్ప ఎవరినీ పెళ్ళాడలేదు" అని రాయి మీద చెక్కి ఉంది. అప్పట్నుంచి ఆ కథ వింటే మామయ్య మొహం చూడలేకపోయేది. ఇప్పుడు ఆ కథే తన నోటితో, నిజం అన్నట్టు చెప్పాలి. చెప్పకపోతే బిళ్ళ రాదని మామయ్య తేల్చి చెప్పేశాడు.

"జనం దానికోసమే వస్తారే. అది లేకపోతే మిగిలిందంతా పాత సామాను."

పరీక్షరోజు పొద్దున పొగమంచు ఎంత దట్టంగా దిగిందంటే, మేడ సగం ఎవరో రబ్బరుతో తుడిచేసినట్టుంది. మేడకి పెద్ద ఒకావిడ ఉండేది. అందరూ మేడమ్ అనేవాళ్ళు. కొత్త గైడు మొదటిసారి జనాన్ని తిప్పేటప్పుడు ఆవిడ కూడా వెనక నడిచి, అంతా చూసి, బిళ్ళ ఇవ్వాలో వద్దో చెప్పేస్తుంది. ఆవిడ రెండుసార్లు నవ్వడం చూసినవాళ్ళు లేరు. పరీక్ష కదా, మేడలో ఇత్తడి అన్నదంతా తళతళలాడాలని ఆవిడ ముందురోజే హుకుం వేసింది.

వచ్చినవాళ్ళు కొద్దిమందే. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పోట్లాడుకుంటున్న ఇద్దరు ముసలి అక్కాచెల్లెళ్ళు. మెడలో కెమెరా వేలాడేసుకున్న ఒకాయన. కొత్తగా పెళ్ళయిన ఒక జంట. వాళ్ళ వెనక చేతులు కట్టుకుని మేడమ్. రావద్దని చెప్పినా వచ్చి, కోటు కాలరు చెవులదాకా లేపుకుని స్తంభం పక్కన మామయ్య. అంత మనిషి ఆ స్తంభం వెనక ఎలాగూ పట్టడు.

"రండి" అంది అమ్మాయి.

"ఏమంటోందే?" అంది ముసలి అక్క.

"రమ్మంటోంది. నీకు చెవుడు."

"నాకు కాదు చెవుడు, ఆ పిల్లే మూగది."

అలా మొదలైంది. హాలు గడిచింది. భోజనాల గదిలో రంగుపోయిన కుర్చీ సంగతి చెబితే కెమెరా ఆయన ఒక ఫోటో తీశాడు, అంతవరకు మేలు. మిగతావాళ్ళు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకి వంగుతున్నారు. "గట్టిగా, గట్టిగా" అని మామయ్య దూరం నుంచి చేతులెగరేస్తున్నాడు. మడమల కింద చెక్క అయిపోయి తివాచీ వచ్చింది. వసారా. కిటికీలన్నీ తెల్లగా ఉన్నాయి. ఎక్కడ ఏ గుమ్మం ఉందో వెలుగుని బట్టి తెలిసే దారి లేదు. అమ్మాయి వెనక్కి నడుస్తూ ఓడల బొమ్మల గురించి చెబుతోంది, లోపల మాత్రం సముద్రం గది గురించే ఆలోచిస్తోంది. ఆ కథ మొదటి మాట ఎలా అనాలి? ఆ మాట అన్నాక మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ఇత్తడి తగలడం కోసం మోచెయ్యి ఎదురుచూస్తోంది. ఇత్తడి తగల్లేదు. ఒట్టిగాలి తగిలింది.

తిరిగింది. వెనక్కి వెనక్కి నడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. అందరూ వెంట వచ్చారు.

మడమ పల్లంలో పడింది.

సముద్రం గదిలో తివాచీ ఉంటుంది. ఇక్కడ ఒట్టి చెక్క. ఆ చెక్కలో, కాలు సరిగ్గా ఒదిగేటట్టు, తొట్టిలాంటి మెత్తటి పల్లం. అమ్మాయి ఆగిపోయింది. చుట్టూ చూసింది. కుర్చీ లేదు. బొమ్మ లేదు. తెర లేదు. తోమడానికని స్తంభాలూ తాడూ తీసుకెళ్ళి, తిరిగి పెట్టలేదు. పరీక్షకొచ్చిన జనాన్ని పట్టుకొచ్చి ఏమీ లేని గదిలో నిలబెట్టింది.

గుండె జారి ఆ పల్లంలోనే పడ్డట్టయింది.

"ఇది ఏం గదమ్మా?" అడిగాడు కెమెరా ఆయన.

గుమ్మం దగ్గర మామయ్య కళ్ళు పెద్దవి చేసి, నోటి ముందు వేళ్ళు ఆడిస్తున్నాడు. ఏదో ఒకటి చెప్పు, ఏదో ఒకటి. పడకగది అను, పూజగది అను, విషం పెట్టి చంపిన గది అను. మేడమ్ మొహంలో ఏమీ లేదు. అమ్మాయి నోరు తెరిచింది. మామయ్య చెప్పినట్టు దానంతటదే ఏదీ రాలేదు. వచ్చింది ఒక్కటే.

"తెలియదండి."

ఆ మాట గదంతా వినపడింది. సామాను లేని గది కదా, తివాచీ లేదు, తెరలు లేవు, మాటని మింగేసేదేదీ లేదు. ఆమె చిన్న గొంతుని నాలుగు గోడలూ అందుకుని, ఒకదాని చేతిలోంచి ఒకటి తీసుకున్నట్టు, అందరి దగ్గరికీ తీసుకెళ్ళాయి. పుట్టి బుద్ధెరిగాక తన గొంతు తనకి అంత స్పష్టంగా వినపడటం అదే మొదలు. ఎవరో వేరే అమ్మాయి మాట్లాడినట్టుంది. ఆ అమ్మాయి బాగానే మాట్లాడుతోంది.

"ఇందులో ఎవరుండేవారో ఎక్కడా లేదండి. ఎందుకు వాడేవారో ఎవరూ చెప్పలేదు. ఈ నేల ఒక్కటే ఉంది. ఇక్కడ చూడండి, నా కాలు దగ్గర."

అందరూ వంగి చూశారు. పల్లం ఒక్కచోట లేదు. కిటికీ నుంచి ఎదురుగోడ దాకా, అక్కడ్నుంచి మళ్ళీ కిటికీ దాకా, పడవ వెళ్ళాక నీళ్ళ మీద మిగిలే జాడలాగా సాగింది.

"ఎవరో ఇటూ అటూ తిరిగారు" అంది ముసలి అక్క.

"పసివాణ్ణి ఎత్తుకుని తిరిగుంటారు" అంది చెల్లెలు. "ఏడుపు మానని పసివాణ్ణి."

"వాణ్ణి కాదు, దాన్ని. నువ్వలాగే ఏడ్చేదానివి. అమ్మ నిన్నెత్తుకుని తెల్లారేదాకా తిరిగేది."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెబితే ఇంకా నెత్తికెక్కేదానివి."

కెమెరా ఆయన ఫోటో తియ్యడం మర్చిపోయాడు. "ఒక్కళ్ళే తిరిగారేమోనండి. ఏదో ఒకటి తేల్చుకోలేక. నేనూ మా ఇంట్లో అలాగే తిరుగుతాను."

"నాట్యం నేర్చుకునేవాళ్ళేమో?" అంది కొత్త పెళ్ళికూతురు. అందరూ తనవైపు చూసేసరికి భర్త వెనక దాక్కుంది.

"అన్నీ కావచ్చండి" అంది అమ్మాయి. "నాకూ తెలుసుకోవాలనే ఉంది."

అప్పుడు ముసలి చెల్లెలు చెప్పులు విడిచింది. విడిచి, ఆ పల్లంలో పాదం పెట్టి, మెల్లిగా కిటికీ దాకా నడిచింది. ఆవిడ వెనక అక్క. ఆ వెనక కొత్త జంట. కిటికీ బయట ప్రపంచం లేదు, తెల్లటి మంచు తప్ప. లోపల చెక్క మీద మెత్తటి అడుగులు. నిద్రలో నడుస్తున్నట్టు వాళ్ళు వెళుతున్నారు, వస్తున్నారు. ఏనాటిదో ఒక బాధో, ఒక జోలపాటో, ఒక నాట్యమో, వాళ్ళ కాళ్ళ కింద మళ్ళీ కదులుతోంది. ఏదో తెలియకపోవడమే బాగుంది. తెలిస్తే ఒక్కటే అయ్యేది.

మేడమ్ దగ్గింది.

అందరూ ఒక్కసారి నిద్ర లేచినట్టయి, చెప్పులు వెతుక్కున్నారు. అమ్మాయి వాళ్ళని పక్కనున్న సముద్రం గదికి తీసుకెళ్ళింది. ఈసారి ముందుకి తిరిగి, గుమ్మం చూసుకుని మరీ.

తివాచీ, తెరలు, మెత్తటి కుర్చీలు. కిటికీలో ఆరిపోయిన దీపం. గొంతు మళ్ళీ చిన్నదైపోయింది. "ఇక్కడ... కొత్తగా పెళ్ళయిన ఒకావిడ..." అని మొదలుపెట్టింది. మామయ్య మాటలే, వరస తప్పకుండా. దీపం వచ్చింది. పిల్లి వచ్చింది. కొత్త పెళ్ళికూతురు భర్త చెయ్యి గట్టిగా పట్టుకుని అడిగింది.

"నిజంగా జరిగిందా?"

ఇందాక తెలియని గదిలో తెలియదంది. ఈ గది సంగతి తెలుసు. తెలిసి కూడా అవునంటే, ఇందాకటి మాటకి విలువేముంది? గుమ్మంలో నిలబడ్డ మామయ్య వైపు చూసింది. ఆయన తల ఊపుతున్నాడు, అవును అను, అవును అను. బిళ్ళ ఇక్కడే ఉంది, ఈ ఒక్క మాటలో. రైలు కూడా ఇక్కడే ఉంది.

"జరగలేదండి" అంది. "ఓడలాయనకి అసలు పెళ్ళే కాలేదు."

"అయ్యో, మరి ఈవిడ?" అంది ముసలి అక్క.

"ఈవిడ మా ఇంట్లో పుట్టింది. నా చిన్నప్పుడు ఒక ఏడాది వానలు విడవలేదు. ఈ మేడ చూడ్డానికి ఎవరూ రాలేదు. మూసేస్తామన్నారు. మా మామయ్యకి ఈ మేడంటే ప్రాణం. భోజనాల దగ్గర కూర్చుని, ఈ కిటికీ దగ్గర ఒక మనిషిని నిలబెట్టాడు. చీకట్లో ఎలా అని మా అమ్మ దీపం పెట్టింది. ఒక్కతే భయపడుతుందని నేను పిల్లిని ఇచ్చాను. బల్ల కింద కూర్చుని. తర్వాత జనం వచ్చారు. మేడ మూతపడలేదు. ఎదురుచూసింది ఆవిడ కాదండి, మా మామయ్య. ఆ వచ్చింది మీరే."

ఎంత గట్టిగా చెప్పిందో ఆమెకి తెలియదు. ఎవరూ చెవి దగ్గర చెయ్యి మాత్రం పెట్టుకోలేదు. ముసలి చెల్లెలు ముక్కు తుడుచుకుంది. "ఇదే బాగుంది" అంది అక్క, తనూ తుడుచుకుంటూ. అమ్మాయి గుమ్మం వైపు చూసింది. మామయ్య లేడు.

జనం వెళ్ళాక మేడమ్ తన గదిలోకి పిలిచింది. కూర్చోమనలేదు.

"నీ మీద రెండు ఫిర్యాదులు. రెండూ నావే. ఒకటి, దారి తప్పావు. రెండు, ఎన్నాళ్ళనుంచో నడుస్తున్న కథని ఒక్క నిమిషంలో పడగొట్టావు. ఆ కార్డులన్నీ ఇప్పుడు నేనేం చేసుకోవాలి?"

అమ్మాయి కళ్ళముందు కళ్ళజోళ్ళు వరసగా కనిపించాయి. మోచెయ్యి ఆనించే బల్ల, అద్దాలు తుడిచే గుడ్డ, రోజల్లా ఎవరెవరివో ముక్కులు.

"క్షమించండి మేడమ్."

"ఏంటీ?"

"క్షమించండి అంటున్నాను."

మేడమ్ కిటికీలోంచి బయటికి చూసింది. "ఆ ముసలివాళ్ళిద్దరూ వెళ్ళలేదు. మళ్ళీ ఆ ఖాళీ గదిలో ఉన్నారు. నేను పిలిస్తే, కాసేపాగమ్మా మేం నడుస్తున్నాం అన్నారు. ఈ మేడలో నన్ను ఆగమన్నవాళ్ళు ఇన్నాళ్ళలో లేరు." సొరుగు లాగింది. "తాడు తియ్యమన్నది నేనే. కాబట్టి దారి తప్పడంలో సగం నాది. రేపట్నుంచి పొద్దుటి జనాన్ని నువ్వు తిప్పు. ఆ గది కూడా చూపించు. దీన్ని వంకరగా పెట్టుకోకు."

బిళ్ళ చల్లగా అరచేతిలోకి వచ్చింది.

మామయ్య వెనకమెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కాలరు ఇంకా దించలేదు. అమ్మాయి పక్కన కూర్చుని, బిళ్ళ చూపించకుండా పిడికిట్లో పెట్టుకుంది.

"ఇన్నేళ్ళు కాపాడుకొచ్చిన మనిషి" అన్నాడు ఆయన సముద్రం వైపు చూస్తూ. "లేనేలేదన్నావు. చంపేశావు కదే."

"చంపలేదు మామయ్యా. మనింటికి తీసుకొచ్చాను."

ఆయన కాలరు ఇంకాస్త పైకి లాక్కున్నాడు. మంచులోంచి ఒక పడవ వచ్చింది, మళ్ళీ మంచులోకే వెళ్ళిపోయింది.

"ఇచ్చిందా?"

పిడికిలి తెరిచింది. చూసి, ముక్కుతో ఒక శబ్దం చేశాడు. అది నవ్వో కాదో ఆమెకి అర్థం కాలేదు. "పద, మీ అమ్మ రైలు టికెట్టుకి మనిషిని పంపేస్తుంది" అని లేచాడు. దారంతా ఆమెకి వీపు చూపిస్తూ ముందు నడిచాడు. ఇంటికి రాగానే మెట్లెక్కి తన పైగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. అమ్మ బిళ్ళ చూసి, తుడిచి, మళ్ళీ చూసి, పైకి చూసింది. "వాడికి ఆకలైతే వాడే దిగుతాడులే" అంది.

మర్నాడు మధ్యాహ్నం, తన జనాన్ని తిప్పడం అయిపోయాక, అమ్మాయి వసారాలో నిలబడి మామయ్య మాటలు వింది. సముద్రం గదిలో అదే గొంతు. అదే భార్య, అదే దీపం, జుట్టు నెరిసేదాకా అదే ఎదురుచూపు. చివరి మాట దగ్గర అదే వణుకు. ఆయన ఏమీ మార్చలేదు. ఒక్కటి తప్ప. పిల్లి లేదు.

కథ అయ్యాక జనాన్ని బయటికి తీసుకొస్తూ, ఆయన వెనక్కి నడుస్తూ ఆమె పక్కనుంచి వచ్చాడు. వీపు చూపించకూడదు కదా, ఆమెని చూడకుండానే, పెదాలు కదపకుండానే అన్నాడు.

"నీ పిల్లిని నువ్వే మేపుకో."

తర్వాతి పొద్దున మేడ ఇంకా తెరవకముందే అమ్మాయి వెళ్ళి, తోమాక తిరిగి కట్టిన ఎర్రతాడు విప్పింది. ఇత్తడి చేతికి చల్లగా తగిలింది. గదినిండా మంచు. జనం రావడానికి ఇంకా టైముంది. కిటికీకి వీపు పెట్టి, మడమలు పల్లంలో పెట్టి, మెల్లిగా వెనక్కి నడవడం మొదలుపెట్టింది. ఒక్కో అడుగూ కాస్త ఆచితూచి వేసింది. కిటికీ కింద, ఎండ వస్తే పడే చోట, ఏదో తెల్లగా చుట్టచుట్టుకుని పడుకుని ఉందేమో అన్నట్టు. తోక తొక్కకూడదు కదా.